ఓటు వేసిన బానిస – యార్క్

అమెరికా చరిత్ర చదివిన విద్యార్థులకు లూయిస్, క్లార్క్ అనే రెండు పేర్లు పరిచయమే. 1803లో అమెరికా ప్రభుత్వం ఫ్రాన్స్ పాలకుడు నెపోలియన్ నుంచి లూసియానా ప్రాంతాన్ని కోటీ 50 లక్షల డాలర్లకు కొన్నది. అది సుమారు 8 లక్షల 28 వేల చదరపు మైళ్ల నేల. అక్కడ తరతరాలుగా బతుకుతున్న ఆదివాసీ తెగలను మాత్రం ఎవరూ అడగలేదు. ఆ నేలను చూసి, పడమటి సముద్రం దాకా దారి కనుక్కొని రమ్మని అధ్యక్షుడు జెఫర్సన్ వీరిద్దరి నాయకత్వంలో ఒక దళాన్ని పంపాడు. నేను చెప్పబోయేది ఆ ఇద్దరి గురించి కాదు, వారి వెంట నడిచిన యార్క్ గురించి.

యార్క్ నల్లజాతి బానిస. ఇంటిపేరు కూడా లేదు. 1799లో విలియం క్లార్క్ తండ్రి చనిపోయినప్పుడు ఆస్తితోపాటు యార్క్ కూడా క్లార్క్ వాటాకు వచ్చాడు. ఇద్దరూ చిన్ననాడు కలిసి పెరిగినవారే! ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

1804 మే నెలలో పడవలు మిస్సోరీ నదిలో ఎదురెక్కడం మొదలుపెట్టాయి. బానిస చేతికి తుపాకీ ఇవ్వడానికి యజమానులు భయపడే ఆ రోజుల్లో యార్క్ తుపాకీ పట్టి అడవిదున్నలను వేటాడి దళానికి తిండి పెట్టాడు. సార్జెంట్ ఫ్లాయిడ్ చావుబతుకుల్లో ఉంటే పక్కనే ఉండి సేవ చేశాడు. అరికారా పల్లెల్లో పిల్లలు వెంటబడితే, తానొకప్పుడు అడవి మృగాన్నని చెప్పి తమాషాకి బెదిరించాడు. హిదాత్సా నాయకుడొకడు అది పూసిన రంగేమోనని తడి వేలితో ఆయన ఒళ్లు రుద్ది చూశాడట!

1805 నవంబరు 24న దళం కొలంబియా నది పసిఫిక్‌లో కలిసే చోట ఉంది. చలికాలం ఎక్కడ గడపాలన్న ప్రశ్న వచ్చింది. ఒక్కొక్కరినీ అడిగి అభిప్రాయాలు రాసుకున్నారు. ఆ పట్టికలో యార్క్ పేరుంది. షోషోనీ స్త్రీ సకాజవియా అభిప్రాయమూ ఉంది. నల్లవారి ఓటుకు రాజ్యాంగ రక్షణ వచ్చింది 1870లో, స్త్రీల ఓటుకు 1920లో అని గుర్తుంచుకుంటే ఆ కాగితం విలువ తెలుస్తుంది.

1806 సెప్టెంబరు 23న తిరిగి సెయింట్ లూయీ చేరారు. సైనికులకు రెట్టింపు జీతం, తలా 320 ఎకరాలు దక్కాయి. నాయకులకు 1600 ఎకరాల చొప్పున ఇచ్చారు. యార్క్‌కు సెంటు భూమి రాలేదు, డాలరు జీతం రాలేదు. చేసిన కూలి కోసం దొర వాకిట్లో నిలబడ్డ తాతల కథలు విన్న మనకు ఇది కొత్తగా అనిపించదు.

ఆయన భార్య లూయివిల్‌లో మరో యజమాని దగ్గర ఉండేది. తనను విడుదల చేయమని, లేదా ఆమెకు దగ్గరగా కూలికైనా పెట్టమని యార్క్ అడిగాడు. స్వేచ్ఛ గురించి, తన సేవల గురించి వీడికి లేనిపోని ఆలోచనలు పుట్టాయని క్లార్క్ తన అన్నకు ఉత్తరం రాశాడు. 1809లో కొట్టాడు, జైల్లో కూడా పెట్టించాడు. వేల మైళ్లు తనతో నడిచినవాణ్ణి!

చాలా ఏళ్ల తర్వాత యార్క్‌కు విడుదల దొరికింది. బండి, ఆరు గుర్రాలు ఇచ్చాననీ, వ్యాపారంలో నష్టపోయి కలరాతో చనిపోయాడనీ 1832లో క్లార్క్ చెప్పాడు. యార్క్ వైపు మాట రాసుకున్నవారు లేరు.

2001లో అధ్యక్షుడు క్లింటన్ ఆయనకు గౌరవ సార్జెంట్ హోదా ఇచ్చాడు. 2003లో లూయివిల్‌లో, ఓహియో నదికి ఎదురుగా ఆయన విగ్రహం నిలబెట్టారు.