కాలాతీత వ్యక్తుల రచయిత్రి డాక్టర్ పి. శ్రీదేవి

ఆంధ్ర సాహిత్యంలో ఒకే ఒక్క నవలతో స్థిరమైన స్థానం సంపాదించుకొన్నవారు మిక్కిలి అరుదు. అట్టివారిలో డాక్టర్ పి. శ్రీదేవి ఒకరు. ఆమె జీవించినది నిండా ముప్పది రెండు సంవత్సరాలు కూడా కాదు. అందులో అధికభాగం చదువులో గడిచింది. వైద్యవిద్య తీరిక నెరుగని విద్య. మిగిలిన స్వల్పకాలంలోనే ఆమె కొన్ని కథలూ, కాలాతీత వ్యక్తులు అనే నవలా రచించి వెళ్లిపోయారు. కళాశాలలో చేరిన ఆడపిల్ల తననుతాను ఎట్లా తెలుసుకొంటుందో ఇంత నిజాయితీగా చెప్పిన తెలుగు నవల అంతకుముందు రాలేదని నా నమ్మకం. ఉర్దూ, తెలుగు రెండూ చదివే విద్యార్థినులున్న మన కళాశాల సంచికలో ఆమెను గురించి నాలుగు మాటలు చెప్పుకొనడం ఉచితంగా ఉంటుంది.

శ్రీదేవి 1929లో అనకాపల్లిలో జన్మించారు. బాల్యవివాహాలను అరికట్టడానికి శారదా చట్టం ఆమోదం పొందినది కూడా ఆ ఏడాదే. ఆడపిల్లకు పెళ్లి వయస్సు కనీసం పదునాలుగు ఉండాలని ఆ చట్టం విధించింది. ఆ మాత్రానికే దేశమంతటా ఎంత కలవరం చెలరేగిందో చరిత్ర విద్యార్థులకు తెలుసు. మరి యిరువది రెండేళ్ల తరువాత, 1951 జనాభా లెక్కల నాటికి కూడా, మన దేశంలో అక్షరాస్యులైన స్త్రీలు నూటికి తొమ్మండుగురికి మించలేదు. అటువంటి కాలంలో బెల్లం వ్యాపారానికి పేరుపడిన ఒక పట్టణంలో పుట్టిన బాలిక వైద్యురాలు కావడం సామాన్య విషయం కాదు. పదునాలుగేళ్లకు పెళ్లి కావడమే సంస్కరణగా తోచిన తరం అది.

ఆమె వైద్యవిద్యను అభ్యసించినది విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో. 1923లో స్థాపితమైన ఆ కళాశాల, దానికి అనుబంధమైన కింగ్ జార్జి ఆసుపత్రి, వాల్తేరులో వెలసిన ఆంధ్ర విశ్వవిద్యాలయం - ఈ మూడూ కలిసి విశాఖను విద్యార్థుల ఊరుగా మార్చివేశాయి. పల్లెలనుంచీ చిన్న పట్టణాలనుంచీ వచ్చిన యువతీయువకులు గదులు అద్దెకు తీసుకొని అక్కడ ఉండేవారు. ఇంటినుంచి రావలసిన పైకం కోసం ఎదురుచూచేవారు. ఒకే మేడలో వాటాలు పంచుకొని, ఒకరి కష్టసుఖాలు ఒకరు గోడ అవతలనుంచి వింటూ బతికేవారు. శ్రీదేవి నవలకు నేల ఇదే.

ఆనాడు మదరాసునుంచి వెలువడే తెలుగు స్వతంత్ర వారపత్రికకు గోరాశాస్త్రి సంపాదకులు. కొత్త కలాలను గుర్తించి ముందుకు తెచ్చే సహృదయత ఆయనలో ఉండేది. శ్రీదేవి రచనలకు ఆ పత్రికే వేదిక అయింది. 1957-58లో కాలాతీత వ్యక్తులు అందులోనే వారం వారం వెలువడింది. అప్పటికి రచయిత్రికి ఇరువది ఎనిమిది సంవత్సరాలు.

కథ విశాఖలోనే జరుగుతుంది. ఇందిర, కల్యాణి, వసుంధర అని ముగ్గురు ఆడపిల్లలు. కల్యాణి పేదది. చదువు ఆమెకు అలంకారం కాదు, బ్రతుకుతెరువు. అండగా ఉన్న తండ్రి పోగానే, జీతం కట్టడం ఎట్లా, తలదాచుకొనడం ఎక్కడ అన్నవే ఆమెకు అసలైన పరీక్షలైనాయి. వసుంధరకు కలిమి ఉంది, మెత్తని మనస్సు ఉంది. ఇందిర సంగతి వేరు. ఆమె తండ్రి ఆనందరావు బాధ్యత తెలియని మనిషి. తండ్రిని కూతురే సంపాదించి సాకవలసి వస్తుంది. ఇల్లు గడపడం ఎంత బరువో తెలిసినందువల్ల, ఆమె ఎవరి జాలికోసమూ చేయి చాచదు. తనకు కావలసినది అడిగి తీసుకొంటుంది. కొన్నిసార్లు అడగకుండానూ తీసుకొంటుంది. అందువల్ల కల్యాణికి అన్యాయం జరిగిన సందర్భం కూడా కథలో ఉంది.

పాతకాలపు రచయిత ఎవరైనా అయితే ఇందిరను దుష్టపాత్రగా తీర్చి, చివరకు కన్నీళ్లతో పశ్చాత్తాపపడేట్లు చేసి ఉండేవారు. కల్యాణిని సుగుణవతిగా, ఇందిరను హెచ్చరికగా నిలబెట్టి ఉండేవారు. శ్రీదేవి ఆ పని చేయలేదు. ఇందిరలోని స్వార్థాన్ని ఏమాత్రం కప్పిపుచ్చలేదు. అయినా ఆమెను శిక్షించలేదు. రోగి శరీరాన్ని పరీక్షించే వైద్యుడు రోగాన్ని చూచి అసహ్యించుకొనడు గదా! ఆ చూపు ఈ నవలలో అడుగడుగునా కానవస్తుంది. ఇట్లా ఎందుకు ప్రవర్తించిందని రచయిత్రి విచారిస్తారే తప్ప, తీర్పు చెప్పే ఉత్సాహం చూపరు. తెలుగు పాఠకులు ఇందిరను ఈనాటికీ మరువలేకపోవడానికి అదే కారణం.

ప్రకాశం పాత్రను గురించి ఒక మాట చెప్పక తప్పదు. అతడు వైద్యవిద్యార్థి. మానవదేహంలోని ప్రతి నరమూ అతనికి పేరుతో సహా తెలుసు. కాని తన మనస్సులో ఉన్నది మేనమామ ఎదుట నోరు విప్పి చెప్పుకొనలేడు. చదువు మనిషికి ధైర్యం ఇస్తుందని మనం సామాన్యంగా అనుకొంటాం. ఇవ్వకపోవచ్చునని ఈ పాత్ర చెబుతుంది. ఆ మేడలో ధైర్యం ఉన్నది పట్టాల కోసం చదివే ప్రకాశంలో కాదు, నెల ఖర్చులు లెక్కవేసుకొనే ఇందిరలో.

మన సాహిత్యంలో స్త్రీ స్వేచ్ఛను గూర్చిన చర్చ అప్పటికి కొత్త కాదు. 1892లోనే గురజాడ కన్యాశుల్కంలో మధురవాణిని సృష్టించారు. 1927లో చలం మైదానం వచ్చింది. అందులో రాజేశ్వరి అమీరుతో ఇల్లు విడిచి ఊరవతల మైదానానికి వెళ్లిపోతుంది. సాహసమే. అయితే మైదానంలో ఇంటి అద్దె లేదు, కళాశాల జీతం లేదు, నెలాఖరు లేదు. శ్రీదేవి కథానాయికలు ఊరు విడిచి ఎక్కడికీ పోరు. ఆ వీధిలోనే, ఆ ఇరుగుపొరుగుల నడుమనే ఉండి, తమ కాళ్లమీద తాము నిలబడే దారి వెదుక్కొంటారు. ఈ రెంటిలో రెండవదే కష్టమైనదని నాకు తోస్తుంది. రచయిత్రి స్వయంగా ఆ దారిన నడిచి వచ్చినవారు కావడం చేతనే అది అంత సహజంగా వచ్చి ఉంటుంది.

ఉర్దూ సాహిత్యంతో పరిచయమున్నవారికి ఇక్కడ మరి యిద్దరు స్త్రీలు జ్ఞప్తికి రాక మానరు. మొదటివారు డాక్టర్ రషీద్ జహాఁ. అలీగఢ్‌లో 1906లో బాలికల పాఠశాల నెలకొల్పిన షేక్ అబ్దుల్లా గారి కుమార్తె. ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్య కళాశాలలో చదివి వైద్యురాలైనారు. 1932లో వెలువడి మరుసటి ఏడాదే నిషేధానికి గురి అయిన అంగారే సంపుటిలో రాసిన నలుగురిలో ఆమె ఒక్కరే స్త్రీ. ఆమె 1952లో, నలుబది ఏడేళ్లు నిండకుండానే మరణించారు. వైద్యవృత్తి, నిర్మొగమాటమైన కలం, అల్పాయుష్షు - శ్రీదేవికీ ఆమెకూ ఇన్ని పోలికలు. రెండవవారు రషీద్ జహాఁ ప్రభావంతో కలంపట్టిన ఇస్మత్ చుగ్తాయ్. ఆమె తేఢీ లకీర్ నవల షమ్మన్ అనే పిల్ల బాల్యం మొదలుకొని, పాఠశాల వసతిగృహం, కళాశాల మీదుగా ఆమె వెంట నడుస్తుంది. వంకర గీత అని ఆ పేరుకు అర్థం. పిల్లను తిన్నని గీతగా గీయాలని పెద్దలు చూస్తారు, ఆమె వంకరగానే పెరుగుతుంది. ఇందిరా షమ్మనూ ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చుని ఉంటే ఏమి మాట్లాడుకొని ఉండేవారో అని ఊహించడం నాకు సరదా.

విశాఖ సముద్రతీరం ఎక్కడ, మన ఎమ్మిగనూరు ఎక్కడ అని కొందరనవచ్చు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరు మనది. మగ్గం ముందు కూర్చున్నవాని పేరే పైకి వినిపిస్తుంది. కండెలు చుట్టిన చేతులు ఆ ఇంటి ఆడపిల్లలవి. వానలు లేని ఏడు సుగ్గికి పోయే కుటుంబాలలో చిన్నపిల్లలను చూచుకొనడానికి బడి మానేది కూడా ఆడపిల్లే. పదవ తరగతి తరువాత ఆదోనికో కర్నూలుకో పంపి చదివించాలంటే బస్సు చార్జీ మొదలుకొని లెక్క వస్తుంది. ఆ లెక్కలో మొదట కొట్టివేయబడే పేరు ఎవరిదో వేరుగా చెప్పనక్కరలేదు. కల్యాణి ఎదుర్కొన్న పరీక్షలు ఇవే. కాబట్టి ఈ నవల మనకు దూరం కాదు. కళాశాల కమిటీ పెద్దలు గ్రంథాలయానికి కాలాతీత వ్యక్తులు, తేఢీ లకీర్ చెరి నాలుగు ప్రతులు తెప్పించగలిగితే బాగుంటుంది. ఒక్కొక్క ప్రతి అయితే అది బీరువాలోనే ఉండిపోతుంది.

నవల పేరుమీద నాకొక చిన్న అభ్యంతరం ఉంది. కాలాతీత వ్యక్తులు అనగానే మహాపురుషుల చరిత్ర కాబోలునని కొత్తవారు భ్రమపడతారు. లోపల ఉన్నదంతా మనవంటి మామూలు మనుషులు. కోపతాపాలు, అసూయలు, చిన్నచిన్న అబద్ధాలు. బహుశా రచయిత్రి ఉద్దేశం ఆ వైరుధ్యమే కావచ్చు.

1960 దశకంలో తెలుగునాట రచయిత్రుల నవలలు వెల్లువగా వచ్చాయి. రంగనాయకమ్మ బలిపీఠం, యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ ఇంటింటా చదివారు. చదువుకొన్న ఆడపిల్ల, ఉద్యోగం చేసే ఆడపిల్ల కథానాయికలు కావడం అప్పుడు పరిపాటి అయింది. ఆ బాట ముందుగా వేసినవారిలో శ్రీదేవి ఒకరు. కాని ఆ వెల్లువను చూచే భాగ్యం ఆమెకు కలుగలేదు. 1961లో ఆమె కన్నుమూశారు. రెండవ నవల రాలేదు.

1963లో అన్నపూర్ణా సంస్థ ఈ నవల ఆధారంగా చదువుకున్న అమ్మాయిలు అనే చలనచిత్రం నిర్మించింది. ఆదుర్తి సుబ్బారావు దర్శకులు. అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, కృష్ణకుమారి, ఇ.వి. సరోజ, శోభన్‌బాబు నటించారు. పాటలు ఊరూరా మారుమోగాయి. కథ మాత్రం చాలావరకు మారిపోయింది, పాత్రల పేర్లు కూడా మారాయి. చిత్రం చూచి నవల చదివినట్లే అనుకొనేవారు నేటికీ ఉన్నారు. తెరమీద కనిపించని ఇందిరను కలుసుకోవాలంటే వారు పుస్తకమే తెరవాలి.