గుండె దారి చూపిన ఇబ్నె నఫీస్

అల్లామా అలాఉద్దీన్ ఇబ్నె నఫీస్ (రహ్మ) క్రీ.శ. 1210 ప్రాంతంలో డమాస్కస్ దగ్గర జన్మించారు. అక్కడి నూరీ ఆసుపత్రిలో వైద్యం నేర్చుకొని కైరో చేరారు. మస్రూరియా మదరసాలో షాఫయీ ఫిఖహ్ బోధిస్తూనే రోగులకు వైద్యం చేసేవారు. ఒకే మనిషి ఈ రెండు పనులూ చేయడం ఆ రోజుల్లో వింత కాదు.

అప్పటికి వైద్యులందరికీ గ్రీకు పండితుడు గాలెన్ మాటే ప్రమాణం. రక్తం కాలేయంలో తయారై గుండె కుడి గదికి వస్తుందనీ, మధ్య గోడలోని కంటికి కనిపించని రంధ్రాల గుండా ఎడమ గదిలోకి పోతుందనీ ఆయన రాశాడు. అంతటి ఇబ్నె సీనా కూడా రంధ్రాల మాటను కాదనలేదు. 1242లో ఇబ్నె సీనా గ్రంథం 'అల్ ఖానూన్'లోని శరీర నిర్మాణ భాగానికి వ్యాఖ్యానం రాస్తూ ఇబ్నె నఫీస్ కాదన్నారు. అప్పటికి ఆయన వయసు ముప్పై దాటిందో లేదో! ఆ గోడ దళసరిది, దానికి రంధ్రాలు లేవు. కుడి గది రక్తం ఊపిరితిత్తులకు వెళ్లి, గాలితో కలిసి ఎడమ గదికి చేరుతుందని తేల్చారు. ఐరోపాలో సెర్వెటస్ ఈ సంగతి అచ్చు వేయించింది 1553లో.

ఇది పండితుల వాదన మాత్రమే అనుకోకండి. కాలేయంలోంచి వచ్చే రక్తం చేరేది గుండె కుడి భాగానికే. ఆ భాగం బలహీనపడి రక్తాన్ని ముందుకు నెట్టలేకపోతే, తూము మూసుకుపోయిన చెరువులో నీళ్లలా, రక్తం వెనుక కాలేయంలో నిలిచిపోతుంది. కాలేయం వాస్తుంది, కాళ్లు ఉబ్బుతాయి, కడుపులో నీరు చేరుతుంది, కళ్లు పచ్చబడవచ్చు. అలాగే కాలేయం గట్టిపడి చెడితే రక్తనాళాలు సడలి గుండెపై పని భారం పెరుగుతుంది, కొందరిలో గుండె కండరమూ నీరసిస్తుంది. ఇవన్నీ తరువాతి వైద్యులు తెలుసుకున్నవి.

ఉర్దూలో కలేజా అంటే కాలేయం. అయినా గుండె అన్న అర్థంలోనూ వాడుతుంటాం. రోగాల్లోనూ ఈ తికమక ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు కళ్లు పచ్చబడితే చాలు, కామెర్లని పసరు పోయిస్తారు. ఆయాసం, కాళ్లవాపు కూడా ఉంటే పసరుతో రోజులు గడపక డాక్టరు చేత గుండెను కూడా పరీక్ష చేయించాలి.

ఆఖరి జబ్బులో తోటి వైద్యులు ఇబ్నె నఫీస్‌కు మందుగా మద్యం ఇవ్వబోయారట. అల్లాహ్ సన్నిధికి దాన్ని కడుపులో పెట్టుకొని వెళ్లనని ఆయన నిరాకరించారని చరిత్రకారులు రాశారు. 1288లో కైరోలో కన్నుమూశారు. ఇల్లు, పుస్తకాలు మన్సూరీ ఆసుపత్రికి రాసిచ్చారు. గుండె గురించి ఆయన రాసిన మాటలు మాత్రం శతాబ్దాలు మరుగున పడ్డాయి. 1924లో ముహియుద్దీన్ తతావీ అనే ఈజిప్టు వైద్యుడికి ఆ రాతప్రతి బెర్లిన్ గ్రంథాలయంలో దొరికింది.