ఎడ్వర్డు జెన్నరు

సూర్యాపేట ధాన్యపు మార్కెటులోను, కోదాడ బస్సు స్టాండులోను, మిర్యాలగూడ బియ్యపు మిల్లులలోను పనిచేయు వృద్ధులను గమనించినచో, పలువురి చేతులపై గుండ్రని మచ్చలు కనబడును. అవి బాల్యమున వారికి వేసిన మశూచి టీకాల గుర్తులు. పూర్వము మన పల్లెలలో మశూచిని అమ్మవారని పిలిచి, పోచమ్మకు బోనములెత్తి, బిడ్డలను కాపాడుమని మ్రొక్కుకొనెడివారు. ఆ వ్యాధి సోకిన పదిమందిలో ఇంచుమించు ముగ్గురు మరణించెడివారు. బ్రతికిన వారిలో కొందరు చూపును కోల్పోయెడివారు. అట్టి మహమ్మారిని జయించు మార్గమును లోకమునకు చూపిన మహనీయుడు ఎడ్వర్డు జెన్నరు.

జెన్నరు 1749 మే 17వ తేదీన ఇంగ్లండు దేశమందలి బర్కిలీ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆయన తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. ఐదేండ్ల ప్రాయముననే జెన్నరు తల్లిదండ్రులను కోల్పోయి, అన్న సంరక్షణలో పెరిగెను. చిన్న వయస్సులోనే ఒక శస్త్రవైద్యుని కడ శిష్యుడుగా చేరెను. తరువాత లండను నగరమున జాన్ హంటరు అను ప్రసిద్ధ వైద్యుని యొద్ద చదివెను. ఊహలతో తృప్తిపడక, ప్రతి విషయమును పరీక్షించి తెలిసికొనవలెనను నియమమును ఆ గురువు వలన గ్రహించెను. విద్య ముగిసిన పిదప స్వస్థలమునకు మరలి వచ్చి వైద్యవృత్తిని అవలంబించెను.

ఆ ప్రాంతమున పాలు పితుకువారికి ఆవుల పొదుగుల నుండి గోమశూచి యను స్వల్పవ్యాధి సోకుచుండెను. అది వచ్చిన వారికి మశూచి రాదని కర్షకులు చెప్పుకొనెడివారు. జెన్నరు ఆ మాటను త్రోసిపుచ్చక, అనేక సంవత్సరములు విచారణ జరిపెను. 1796 మే 14వ తేదీన సారా నెల్మ్సు అను యువతి చేతి పొక్కునుండి రసి తీసి, జేమ్సు ఫిప్సు అను ఎనిమిదేండ్ల బాలుని చేతిపై గాటు పెట్టి ఎక్కించెను. జూలై నెలలో వానికి మశూచి రసినే ఎక్కించి చూచెను. బాలునకు వ్యాధి రాలేదు. మశూచి రసిని ఎక్కించుట ఆ కాలమున వాడుకలో ఉన్న రక్షణోపాయమే; జెన్నరునకును బాల్యమున అట్లే చేసిరి. అయినను పసివానిపై ఇట్టి పరీక్ష చేయుటను నేటి వైద్యధర్మము అంగీకరింపదు.

1798లో ఆయన తన పరిశోధనలను గ్రంథరూపమున ప్రకటించెను. టీకా వేసికొన్నవారి దేహములపై ఆవులు మొలచుచున్నట్లు బొమ్మలు గీసి కొందరు పరిహసించిరి. జెన్నరు చలింపలేదు. తన విధానమును రహస్యముగా ఉంచి ధనము గడింపక, అందరికిని తెలియజేసెను. బీదలకు ఉచితముగా టీకాలు వేసెను. 1802 జూన్ నెలలో ఆ టీకా బొంబాయి చేరి, అచటినుండి మన దేశమున వ్యాపించెను.

జాన్ ఫిలిప్సు అను వర్తకునకు తొమ్మిదవ యేట గోమశూచి వచ్చెను. అతని అరువదిరెండవ యేట జెన్నరు మశూచి రసి ఎక్కించి చూడగా, వ్యాధి రాలేదు. ఇట్టి నిదర్శనములను బట్టి, ఒకసారి వేసిన టీకా జీవితాంతము కాపాడునని ఆయన నమ్మెను. ఆ నమ్మకము పూర్తిగా నిలువలేదు. ఏండ్లు గడచినకొలది టీకా బలము తగ్గునని తరువాత తేలెను. అందువలన జర్మనీ దేశము 1874లో రెండవమారు టీకా వేయుటను శాసనముచే నిర్బంధము చేసెను.

1823 జనవరి 26వ తేదీన జెన్నరు మరణించెను. మన దేశమున మశూచి 1975లో అంతరించెను. 1980లో ప్రపంచమంతయు ఆ వ్యాధినుండి విముక్తి పొందినట్లు ప్రకటింపబడెను. కావున నేడు సామాన్య ప్రజలకు మశూచి టీకాతో నిత్యము పనిలేదు.

కాని ఆయన జీవితకాలమున తేలని విషయము నేటికిని మన యిండ్లలోని పెద్దలకు సంబంధించినదే. వార్ధక్యమున రోగములతో పోరాడు శక్తి సన్నగిల్లును. చిన్ననాట ఆటలమ్మ వచ్చి తగ్గినను, దాని విషక్రిమి నరములలో దాగియుండి, ముదిమిలో అక్కిగా బయటపడవచ్చును. జాజుతో అక్కి వ్రాయించినంత మాత్రమున అది అణగదు. ఫ్లూ, న్యుమోనియా కూడ వృద్ధులకు ప్రాణాపాయము కలిగింపవచ్చును. వీనిని నివారించుటకు టీకాలు కలవు. ఎవరికి ఏది అవసరమో వైద్యుడు నిర్ణయించును. వృద్ధుల దేహమున టీకా సైతము యువకులలో వలె పనిచేయకపోవచ్చును. అందుచే ఇంటిలోని తక్కినవారు కూడ తగిన టీకాలు వేయించుకొనుట వారికి రెండవ కవచము.

బాలురారా! టీకాలు పసివారికి మాత్రమే అని తలంపరాదు. మిమ్ము ఎత్తుకొని టీకాకు తీసికొనిపోయిన తాతలను, అవ్వలను ఇప్పుడు మీరు చేయిపట్టి వైద్యుని కడకు తీసికొనిపోవుట ధర్మము.