ఎరుపును ఎరుపుగా చూపించిన గోర్‌స్కీ

పాతకాలపు పెళ్లి ఫోటోలు చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. పెళ్లికూతురు నుదుట పెట్టిన ఎర్రని కుంకుమ ఆ ఫోటోల్లో నల్లగా పడేది. ఎర్ర చీర నల్ల చీరలా కనిపించేది. నీలాకాశం మాత్రం సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉండేది. ఇది ఫోటోగ్రాఫరు తప్పు కాదు. ఆనాటి ఫోటో పలకలకు పూసే మందు నీలం వెలుగును చక్కగా పట్టుకునేది గానీ ఎర్రని వెలుగును పట్టుకోలేకపోయేది. ఎరుపు ఉన్నచోటల్లా దానికి చీకటే.

ఈ లోపాన్ని సరిదిద్దడానికీ, లోకంలోని రంగులను ఉన్నవి ఉన్నట్టు ఫోటోలో చూపించడానికీ పాటుపడిన వారిలో రష్యాకు చెందిన సెర్గెయ్ మిఖాయిలోవిచ్ ప్రొకూదిన్-గోర్‌స్కీ ఒకరు. ఔత్సాహిక ఫోటోగ్రాఫర్ల సంఘానికి అధ్యక్షునిగా, వారి పత్రికకు సంపాదకునిగా ఆయన చేసిన సేవ ఒక ఎత్తు. సొంత డబ్బు పెట్టి దేశమంతా తిరిగి తీసిన రంగుల చిత్రాలు మరొక ఎత్తు.

సరదాగా మొదలైన పని

గోర్‌స్కీ 1863లో రష్యాలోని వ్లదీమిర్ ప్రాంతంలో, ఫునికొవా గోరా అనే చోట ఉన్న భూస్వామ్య కుటుంబంలో జన్మించారు. చిన్నప్పటి నుంచీ ఆయనకు రసాయన శాస్త్రం అంటే మక్కువ. 1890లో వివాహం జరిగింది. మామగారికి రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు దగ్గరలో గంటలు, రాగి, ఉక్కు పోతపోసే కర్మాగారం ఉండేది. గోర్‌స్కీ ఆ వ్యవహారాలు చూసుకునేవారు. ఫోటోగ్రఫీ ఆయనకు జీవనోపాధి కాదు, తీరిక వేళల్లో పట్టుకున్న అభిరుచి.

1898లో ఆయన రష్యన్ సాంకేతిక సంఘంలోని ఫోటోగ్రఫీ విభాగంలో సభ్యులుగా చేరారు. ఫోటోలంటే ఆసక్తి ఉన్నవారు అక్కడ సమావేశమై తాము తీసినవి చూపించుకునేవారు. కొత్త మందులను, కొత్త పద్ధతులను గురించి ఉపన్యాసాలు ఇచ్చుకునేవారు. రాలే చుక్కలను ఫోటో తీయడం ఎలా అన్న విషయంపై గోర్‌స్కీ కూడా అక్కడ ప్రసంగించారు. 1901లో పీటర్స్‌బర్గ్‌లో సొంతంగా ఫోటోల వర్క్‌షాపు తెరిచారు. సరదా క్రమంగా పట్టుదలగా మారింది.

మూడు రంగుల కిటుకు

రంగుల ఫోటోకు మూల సూత్రాన్ని అంతకు ముందే, 1861లో, మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త లండన్‌లో చేసి చూపించారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను తగు పాళ్లలో కలిపితే దాదాపు ఏ రంగునైనా రప్పించవచ్చన్నదే ఆ సూత్రం. కానీ పలకలు ఎరుపును పట్టుకోలేకపోవడంతో ఆ విద్య చాలాకాలం ప్రయోగశాల దాటి రాలేదు.

1902లో గోర్‌స్కీ జర్మనీ వెళ్లి, బెర్లిన్ పక్కనే ఉన్న షార్లోటెన్‌బర్గ్‌లో ప్రొఫెసర్ అడాల్ఫ్ మీథె వద్ద ఈ విద్య నేర్చుకున్నారు. స్వదేశానికి తిరిగి వచ్చాక పలకపై పూసే మందులో తగిన రంగు పదార్థం కలిపి, అది అన్ని రంగులనూ సమానంగా పట్టుకునేలా మెరుగుపరిచారు.

ఆయన ఫోటో తీసే పద్ధతి ఇది. పొడవాటి గాజు పలకను కెమెరాలో నిలువుగా పెట్టేవారు. ఒకే దృశ్యాన్ని వెంటవెంటనే మూడుసార్లు, ఒకదాని కింద ఒకటిగా తీసేవారు. ఒకసారి నీలం గాజు గుండా, ఒకసారి ఆకుపచ్చ గాజు గుండా, ఒకసారి ఎర్ర గాజు గుండా వెలుగును పంపేవారు. పలకను కడిగాక చూస్తే మూడూ నలుపు తెలుపు బొమ్మలే. రంగు ఎక్కడా కనిపించదు. కానీ వాటి నుంచి స్లైడు తయారు చేసి, అవే రంగు గాజులున్న మూడు కటకాల లాంతరులో పెట్టి, మూడు బొమ్మలూ తెరపై ఒకదానిపై ఒకటి సరిగ్గా పడేలా చూపితే అసలు రంగులు వచ్చేవి. చేత్తో పూసిన రంగు ఒక్క చుక్క కూడా అందులో ఉండదు.

తప్పొప్పులు చెప్పిన సంపాదకుడు

1906లో గోర్‌స్కీ సాంకేతిక సంఘం ఫోటోగ్రఫీ విభాగానికి అధ్యక్షులయ్యారు. అదే సంవత్సరం ఔత్సాహిక ఫోటోగ్రాఫర్ల కోసం వెలువడే ఒక మాస పత్రికకు సంపాదకత్వం చేపట్టి, 1909 వరకు నడిపారు. రంగుల ఫోటోగ్రఫీపై ఆ పత్రికలో పాఠాల్లాంటి వ్యాసాలు రాశారు. తనకు తెలిసిన కిటుకులను దాచుకోక నలుగురికీ పంచారు.

రంగుల ఫోటోలో తప్పు దాగదు. నలుపు తెలుపు ఫోటోలో మనిషి కాస్త కదిలితే బొమ్మ మసకబారుతుంది, అంతే. మూడుసార్లు తీసే రంగుల ఫోటోలో అయితే కదిలిన చేతికి ఒక అంచున ఎరుపు, మరొక అంచున నీలం పట్టీలు పడతాయి. పారే నీరు, లేచే పొగ, ఊగే ఆకులు ఇంద్రధనుస్సులా చెదురుతాయి. గోర్‌స్కీ సొంత చిత్రాల్లోనూ నదుల అలలపై ఇటువంటి రంగుల చారలు నేటికీ కనిపిస్తాయి. అందుకే ఆయన ఎదుట నిలబడ్డవారు మూడు బొమ్మలూ పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండవలసి వచ్చేది.

1907లో ఫ్రాన్సు దేశపు లూమియేర్ సోదరులు ఇంకొక పద్ధతి బజారులోకి తెచ్చారు. బంగాళాదుంప పిండి రేణువులకు నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులు పట్టించి గాజు పలకపై పరిచేవారు. మామూలు కెమెరాలో ఒక్కసారి తీస్తే చాలు, రంగుల బొమ్మ వచ్చేది. ఔత్సాహికులు ఈ పలకలను ఉత్సాహంగా కొన్నారు. అయితే వెలుగు లెక్కలోనో, కడగడంలోనో పొరపాటు జరిగితే పలక పాడయ్యేది.

టాల్‌స్టాయ్ ఫోటో

అలా పాడైన పలక ఒకటి గోర్‌స్కీ జీవితాన్ని మలుపు తిప్పింది. గాంధీ మహాత్ముడు ఎంతగానో గౌరవించిన రచయిత టాల్‌స్టాయ్‌ను ఎవరో రంగుల పలకపై ఫోటో తీసి, కడగడానికి గోర్‌స్కీకి ఇచ్చారు. బొమ్మ బాగా రాలేదు. తీసినవారికి పని తెలియదని ఆయన చూడగానే గ్రహించారు. అంతటి మహా రచయిత ముఖం అలా మిగిలిపోవడం ఆయనకు నచ్చలేదు. 1908 మార్చిలో టాల్‌స్టాయ్‌కి స్వయంగా ఉత్తరం రాశారు. తాను ఆ విద్యలో ఆరితేరినవాడినని, కూర్చోవలసింది కొద్ది సెకన్లేనని చెప్పి అనుమతి కోరారు.

అనుమతి లభించింది. ఆ ఏడాది మే నెలలో ఆయన యాస్నయా పొల్యానాలోని టాల్‌స్టాయ్ ఎస్టేటుకు వెళ్లి ఫోటో తీశారు. పచ్చని తోట ముందు, నీలం చొక్కాతో, తెల్లని గడ్డంతో, అప్పటికి 80వ ఏట ఉన్న వృద్ధుడు కుర్చీలో కూర్చున్న చిత్రం అది. అచ్చయి దేశమంతటా పంపిణీ అయింది. ఒకరి ఫోటోను బాగాలేదని ఊరుకోక, తాను వెళ్లి బాగా తీసి చూపించడం గోర్‌స్కీ చేసిన విమర్శ. రెండేళ్ల తర్వాత, 1910లో, టాల్‌స్టాయ్ కన్నుమూశారు.

జారు ఇచ్చిన బోగీ

ఈ కీర్తి జారు చక్రవర్తి రెండవ నికొలాస్ చెవికి చేరింది. 1909లో గోర్‌స్కీ రాజభవనంలో తెర కట్టి రంగుల చిత్రాలు చూపించారు. పూర్తి నిడివి రంగుల చిత్రంగా మన తెలుగువారు లవకుశ చూసింది 1963లో. దానికి 54 ఏళ్ల ముందే రష్యా రాజకుటుంబం తమ దేశపు పూలను, పొలాలను, ముఖాలను అసలు రంగుల్లో తెరపై చూసిందన్నమాట.

దేశమంతటినీ రంగుల్లో చిత్రించి, బడి పిల్లలకు తెరపై చూపించాలన్నది గోర్‌స్కీ కోరిక. తమ దేశం ఎంత పెద్దదో, అందులో ఎన్ని జాతుల వారున్నారో పిల్లలు కళ్లారా చూడాలని ఆయన తలంచారు. జారు అందుకు అంగీకరించి చీకటి గది అమర్చిన రైలు బోగీ ఇప్పించారు. నదులపై తిరగడానికి పడవలు సమకూర్చారు. నిషిద్ధ ప్రాంతాలకు వెళ్లేందుకు అనుమతి పత్రం, అధికారులంతా సహకరించాలని మరో పత్రం ఇచ్చారు. ప్రయాణం ఖర్చు ప్రభుత్వానిది. పలకలు, మందులు, తక్కిన ఖర్చంతా గోర్‌స్కీదే. చిత్రాలను ప్రభుత్వం కొంటుందని ఆయన ఆశించారు గానీ అది నెరవేరలేదు.

పల్లెల రంగులు

1909 నుంచి 1915 వరకు ఆయన నదులు, కాలువలు, ఉరల్ కొండలు, కాకసస్, మధ్య ఆసియా తిరిగారు. రాజభవనాలకన్నా పని చేసుకునే మనుషులే ఆయన చిత్రాల్లో నేడు ఎక్కువగా ఆకట్టుకుంటున్నారు.

షెక్స్నా నది ఒడ్డున కొయ్య ఇంటి ముందు పళ్ళేల్లో అడవిపండ్లు పట్టుకుని నిలబడ్డ ముగ్గురు రైతు పిల్లలు ఉన్నారు. వారి గౌన్ల రంగులు నిన్న అద్దినట్టు ఉంటాయి. గడ్డి కోతల మధ్య నేలపై కూర్చుని సేద తీరుతున్న రైతులు ఉన్నారు. కాలువ లాకుల దగ్గర 66 ఏళ్ల సర్వీసు చేసిన 84 ఏళ్ల పర్యవేక్షకుడు ఉన్నాడు. ఉరల్ ప్రాంతపు ఆయుధ కర్మాగారానికి చెందిన ఒక కుటుంబంలో తాత, కొడుకు, మనవరాలు ఒకే చిత్రంలో నిలబడ్డారు. తాతది పాతకాలపు వేషం, మిగతా ఇద్దరివీ కొత్తకాలపు దుస్తులు. నల్లసముద్రం దగ్గరి చక్వా తోటల్లో తేయాకు కోసే కూలీలు, సమర్‌ఖండ్ బజారులో పుచ్చకాయలు అమ్మే వ్యాపారి, ఒంటెపై మూటలు వేసుకున్న తుర్క్‌మెన్ మనిషి, ఇలా ఎందరో.

1911లో తీసిన బుఖారా అమీరు చిత్రం మరీ ప్రసిద్ధి పొందింది. పూల నేతతో మెరిసే నీలి పట్టు అంగీలో, చేత కత్తి పట్టుకుని ఆయన కూర్చున్నారు. 1920లో ఆ అమీరు రాజ్యం పోగొట్టుకున్నారు. చివరకు 1944లో కాబూల్‌లో మరణించారు.

దేశం విడిచి

1914లో యుద్ధం వచ్చింది. 1917లో విప్లవం వచ్చి జారు గద్దె దిగారు. 1918 జులైలో ఆయన కుటుంబంతో సహా హతులయ్యారు. అదే ఏడాది వసంతంలో గోర్‌స్కీ తన చిత్రాలను పీటర్స్‌బర్గ్‌లోని పూర్వపు జారు భవనంలో ప్రజలకు తెరపై చూపించారు. కొత్త ప్రభుత్వం కిందనైనా బడులకు చిత్రాలు చేరతాయన్న ఆశ ఆయనకు లేకపోలేదు. అయితే 1918లోనే నార్వే వెళ్లిన ఆయన మళ్లీ స్వదేశం చూడలేదు.

నార్వే నుంచి ఇంగ్లండుకు, అక్కడి నుంచి ఫ్రాన్సుకు మకాం మార్చారు. ఫ్రాన్సులో బతుకుతెరువుకు ఫోటో స్టూడియో నడిపారు. ఒకప్పుడు సొంత బోగీలో దేశం తిరిగిన మనిషి పరాయి దేశంలో వచ్చిపోయేవారి ఫోటోలు తీసుకుంటూ బతికారు. ఆయన తీసిన సుమారు 3,500 నెగెటివ్‌లలో దాదాపు సగమే కుటుంబానికి దక్కాయి. 1944 సెప్టెంబరులో, పారిస్ నగరం జర్మన్ల చేతినుంచి విడుదలైన నెల రోజులకు, ఆయన అక్కడే కన్నుమూశారు. రష్యా బడి పిల్లలు ఆయన చిత్రాలు చూడనే లేదు.

పలకలకు మళ్లీ ప్రాణం

1948లో అమెరికా పార్లమెంటు గ్రంథాలయం వారసుల నుంచి ఆ పెట్టెలను కొన్నది. వాటిలో 1,902 గాజు నెగెటివ్‌లు, ప్రింట్లు అంటించిన ఆల్బములు ఉన్నాయి. నెగెటివ్‌లన్నీ నలుపు తెలుపే. మూడు బొమ్మలనూ ఖచ్చితంగా కలపడం చాలా శ్రమతో కూడిన పని కావడంతో ఎక్కువ భాగం యాభై ఏళ్లకు పైగా పెట్టెల్లోనే ఉండిపోయాయి.

2000లో వాటిని కంప్యూటరులోకి ఎక్కించారు. 2001లో నూటికి పైగా చిత్రాలకు రంగులు రప్పించి ప్రదర్శన ఏర్పాటు చేశారు. 2004 నాటికి మొత్తం నెగెటివ్‌లను కంప్యూటరు సాయంతో కలిపారు. ఇప్పుడు రష్యా పిల్లలే కాదు, మన పల్లెల్లో చేతిలో ఫోను ఉన్న ఎవరైనా ఆ చిత్రాలను ఖర్చు లేకుండా చూడవచ్చు. గోర్‌స్కీ అనుకున్న పని ఆయన పోయిన 60 ఏళ్లకు నెరవేరింది.

నేటి ఫోను కెమెరా లోపల కూడా కంటికి కనిపించనంత చిన్నవైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లే ఉంటాయి. సూత్రం అదే. మూడుసార్లు తీయడం, ఊపిరి బిగబట్టడం మాత్రం తప్పిపోయాయి. శుభకార్యాలకు, పండుగలకు మన ఊళ్లలో తీస్తున్న ఫోటోలు వేల సంఖ్యలో ఉంటున్నాయి. తీసినదాన్ని నలుగురి ముందు పెట్టి, తప్పొప్పులు చెప్పించుకుని, మరుసటిసారి అంతకన్నా బాగా తీసే అలవాటు మాత్రం తక్కువే. ఫోను పోతే ఫోటోలన్నీ పోయే ఇళ్లు కూడా ఎక్కువే. గోర్‌స్కీ పలకలను ఆయన తర్వాత కుటుంబం పారేయకుండా దాచింది కాబట్టే, 1909లో ఆ పల్లె పిల్లలు వేసుకున్న గౌన్ల రంగు ఏమిటో ఈనాడు లోకానికి తెలుస్తున్నది.