బకితమ్మ దించుకున్న బరువు



మన పల్నాడు పౌరుషాల గడ్డ. కారంపూడిలో ఏటా కార్తీక మాసంలో వీరుల ఉత్సవాలు నేటికీ జరుగుతున్నాయి. ఆ పౌరుషంతోపాటు పగ కూడా మన ఊళ్లలో పొలం పుట్రలాగే తండ్రినుండి కొడుక్కు సంక్రమిస్తున్నది. గట్టు తగాదాలోనో, పంపకాలలోనో మాట తేడా వచ్చి, ఒకే గుడిలో ఒకే దివ్యబలిపూజలో పాల్గొంటూ కూడా ఏళ్ల తరబడి ఒకరి ముఖం ఒకరు చూడని అన్నదమ్ములు మన విచారణలలో లేరా? క్షమించి మరచిపొండని ప్రసంగంలో చెప్పడం తేలికే. ఎంత ప్రయత్నించినా మరపు రానివారి మాటేమిటి? అటువంటివారు పునీత జోసెఫీన్ బకిత జీవితాన్ని ఒకసారి తెలుసుకోవాలి.

ఆమె సుమారు 1869లో ఆఫ్రికాలోని సూడాన్ దేశంలో, డార్ఫర్ ప్రాంతాన పుట్టింది. కలిగిన కుటుంబం, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములతో నిండిన ఇల్లు. మొదట అక్కను బానిసల వర్తకులు ఎత్తుకుపోయారు. ఆనాటి తల్లి ఏడుపు ఆమె చెవులలో ఎన్నటికీ మాయలేదు. కొన్నేళ్లకు, ఏడెనిమిదేళ్ల వయసులో తనకూ అదే గతి పట్టింది. వందల మైళ్లు వట్టి కాళ్లతో నడిపించారు. భయంతో ఆ పసిపిల్ల తన పేరే మరచిపోయింది. అమ్మా నాన్నా పెట్టిన పేరు! ఎత్తుకుపోయినవాళ్లు ఆమెకు బకిత అని పేరు పెట్టారు. అరబ్బీలో ఆ మాటకు అదృష్టవంతురాలని అర్థం. ఎంత ఎగతాళి!

మరో బాలికతో కలిసి ఒకసారి తప్పించుకుని మళ్లీ పట్టుబడింది. సంతలో పశువును అమ్మినట్లు చేతులు మార్చి అమ్మారు. ఒక యజమాని కొడుకు కొట్టిన దెబ్బలకు నెలరోజులపాటు గడ్డిపరుపు మీదనుండి లేవలేకపోయింది. తరువాత ఒక తుర్కీ సేనాని ఇంట్లో, యజమానురాలి కళ్లెదుట, ఆమె ఒంటిమీద పిండితో ముగ్గులవలె గీతలు గీసి, కత్తితో వాటి వెంబడే కోసి, మచ్చలు మానకుండా ఆ గాయాలలో ఉప్పు నింపారు. అవి మొత్తం 114 కోతలు. వ్రాయడానికే చేయి వణుకుతున్నది.

1883లో ఖార్టూమ్ నగరంలో ఆమెను కొన్న ఇటలీ దేశపు రాజప్రతినిధి లెన్యాని ఆమెపై చేయి చేసుకోలేదు. 1885లో ఆయన స్వదేశానికి బయలుదేరుతుండగా తననుకూడా తీసుకుపొమ్మని ఆమె ప్రాధేయపడింది. అక్కడ ఆయన స్నేహితుని భార్య ఆమెను తన పసిబిడ్డకు ఆయాగా పెట్టుకున్నది. ఆ కుటుంబపు వ్యవహారాలు చూసే ఒక పెద్దమనిషి ఆమె చేతికి చిన్న వెండి సిలువను ఇచ్చాడు. దానిమీద ఉన్నది ఎవరో అప్పటికి ఆమెకు తెలియదు. 1888లో యజమానురాలు ఆఫ్రికాకు వెళ్తూ బిడ్డనూ బకితనూ వెనిస్ నగరంలోని కనోసియన్ కన్యాస్త్రీల మఠంలో వదిలి వెళ్లింది. కొరడా దెబ్బలు తిని, రక్తం కారుతూ, మేకులతో కొట్టబడిన దేవుడొకడున్నాడని ఆమె అక్కడ విన్నది. దెబ్బలంటే ఏమిటో ఎరిగిన దేవుడు! దేవుణ్ణి యజమాని అని పిలవడం కూడా ఆమెకు అక్కడే అలవాటయింది. కొట్టని యజమాని, అమ్మని యజమాని.

తరువాత జరిగిన సంగతిని మనం తరచుగా దాటవేస్తుంటాము. యజమానురాలు తిరిగి వచ్చి వెంట రమ్మన్నప్పుడు బకిత రానన్నది. ఆమె కోపగించినా, కన్నీరు పెట్టినా చలించలేదు. విషయం న్యాయస్థానానికి పోయింది. ఇటలీ చట్టం బానిసత్వాన్ని గుర్తించదు కనుక ఆమె స్వతంత్రురాలేనని 1889 నవంబరు 29న తీర్పు వచ్చింది. క్షమించడమంటే తిరిగి వెళ్లి సంకెళ్లకు చేతులు అందించడమని ఎవరైనా అనుకుంటే, ముఖ్యంగా ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపడుచులకు అలా నచ్చజెప్పే పెద్దలుంటే, ఈ ఘట్టాన్ని మళ్లీ చదవాలి.

1890 జనవరి 9న జ్ఞానస్నానం పొందింది. అటు తరువాత ఆ జ్ఞానస్నాన తొట్టి దగ్గరకు వెళ్లినప్పుడల్లా దానిని ముద్దాడుతుండేది. 1896లో మాటపట్టు ఇచ్చి కన్యాస్త్రీ అయ్యారు. 1902 మొదలు స్కియో పట్టణపు మఠంలో వంట చేశారు, కుట్లు అల్లికలు చేశారు, గుడి వస్తువులు చూసుకున్నారు, చివరకు వాకిలి కాపలా ఉన్నారు. ఆ వాకిట్లోకి వచ్చే బడిపిల్లల తలమీద చేయి వేసి పలకరించేవారు. ఆ చేతిమీద కత్తికోతల మచ్చలు అలాగే ఉండేవి.

నిన్ను ఎత్తుకుపోయినవాళ్లు ఎదురుపడితే ఏం చేస్తావని ఒక విద్యార్థి అడిగితే, మోకరించి వారి చేతులు ముద్దాడతానని, వాళ్లే లేకపోతే తాను క్రైస్తవురాలిని, కన్యాస్త్రీని అయ్యేదాన్ని కాదని ఆమె జవాబిచ్చారు. వాళ్లు చేసింది మంచిదని ఆమె ఎక్కడా అనలేదు. జరిగినదంతా పూసగుచ్చినట్లు చెప్పి వ్రాయించారు. అది 1931లో పుస్తకంగా వెలువడింది. మరచిపోయినవారు అలా చెప్పగలరా? గుర్తున్నదంతా గుర్తుండగానే, వారి ఋణపత్రాన్ని ఆమె ప్రభువు చేతికి అప్పగించివేశారు.

అయినా శరీరం తన లెక్క తాను వ్రాసుకునే ఉన్నది. 1947లో చివరి జబ్బు చేసి జ్వరంలో పలవరిస్తూ, గొలుసులు బిగుసుకుపోతున్నాయి, కాస్త వదులు చేయమని పక్కనున్నవారిని బ్రతిమాలారు. అరవై ఏళ్ల ప్రార్థనా జీవితం తరువాత! ఇది చదివినప్పుడు మొదట నాకు కష్టమనిపించింది. తరువాత ఊరట కలిగింది. పాపసంకీర్తనం చేసుకుని, మనసారా క్షమించి కూడా, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచే వారు మనలో ఎందరో ఉన్నారు. వారి క్షమాపణ బూటకమేమీ కాదు.

ఆ తరువాత మరియమాతను పిలుస్తూ ఫిబ్రవరి 8న కన్నుమూశారు. కడసారి చూపుకు వేలాదిమంది వచ్చారు. 1992లో ధన్యురాలిగా, 2000 అక్టోబరు 1న పునీతురాలిగా రెండవ జాన్ పాల్ పోపుగారు ప్రకటించారు. 2015 నుండి ఆమె పండుగ రోజున మనుషుల అక్రమ రవాణాకు బలి అయినవారి కొరకు తిరుసభ ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నది.

తల్లి పెట్టిన పేరు మాత్రం ఆమెకు చివరివరకూ గుర్తు రాలేదు. బానిసల వర్తకులు పెట్టిన ఆ పేరుతోనే ప్రతి ఫిబ్రవరి 8న పూజాపీఠం వద్ద మనం ఆమెను తలచుకుంటున్నాము.