మిఖాయిల్ బోత్విన్నిక్

మిఖాయిల్ మొయిసెయెవిచ్ బోత్విన్నిక్ (ఆగష్టు 17, 1911 - మే 5, 1995) సోవియట్ యూనియన్‌కు చెందిన చదరంగ క్రీడాకారుడు, విద్యుత్ ఇంజనీరు, చదరంగ బోధకుడు. 1948 - 1963 మధ్యకాలంలో ఈయన మూడు పర్యాయాలు ప్రపంచ చాంపియన్ పదవిని గెలుచుకున్నాడు. బాల్యంలో ఈయన వద్ద శిక్షణ పొందినవారిలో ముగ్గురు తరువాత ప్రపంచ చాంపియన్లయ్యారు.

బాల్యం

బోత్విన్నిక్ అప్పటి రష్యా సామ్రాజ్యంలో అంతర్భాగమైన ఫిన్లాండులోని కువొక్కల గ్రామంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తల్లి దంతవైద్యురాలు. 12వ ఏట అన్నగారి స్నేహితుని వద్ద చదరంగం నేర్చుకున్నాడు. 1925లో లెనిన్‌గ్రాడులో అప్పటి ప్రపంచ చాంపియన్ కాపబ్లాంకా ఒకేసారి అనేకమందితో ఆడిన ప్రదర్శనలో, 14 ఏళ్ళ ఈ బాలుడు ఆయనను ఓడించాడు.

క్రీడా జీవితం

1931లో తొలిసారి సోవియట్ చాంపియన్ అయ్యాడు. మరొకవైపు విద్యుత్ ఇంజనీరింగులో డాక్టరేటు పొందాడు. 1946లో అలేఖిన్ మరణంతో ఖాళీ అయిన ప్రపంచ చాంపియన్ పదవికి 1948లో ఐదుగురు క్రీడాకారుల మధ్య పోటీ జరుగగా అందులో విజేతగా నిలిచాడు. 1957లో స్మిస్లోవ్ చేతిలోను, 1960లో తాల్ చేతిలోను పరాజయం పొందాడు. ఓడిన ఆటలను నిశితంగా పరిశీలించి, తన లోపాలను సరిదిద్దుకొని 1958, 1961 సంవత్సరాలలో జరిగిన తిరుగు పోటీలలో వారినే ఓడించాడు. 1963లో పెట్రోస్యాన్ చేతిలో ఓడినపుడు తిరుగు పోటీ నిబంధన రద్దయి ఉన్నందున ఆ అవకాశం లభించలేదు. 1970లో పోటీల నుండి విరమించాడు.

బాలలకు శిక్షణ

బోత్విన్నిక్ పాఠశాల నిత్యం నడిచే బడి కాదు. ప్రతిభ గల బాలబాలికలు ఏడాదిలో కొద్దిసార్లు మాత్రమే సమావేశమయ్యేవారు. ప్రతి విద్యార్థి తాను ఆడిన ఆటలను అందరి ఎదుట వివరించాలి. ఏ ఎత్తు ఎందుకు వేసాడో చెప్పాలి. ఆపై ఒక్కొక్కరికి వారి లోపాలను బట్టి ఇంటిపని ఇచ్చేవారు. ఆరంభపు ఎత్తులను కంఠస్థం చేయించుటకంటె, స్వయంగా విశ్లేషించే అలవాటు కలిగించుటే ఈయన ఉద్దేశ్యం.

1963లో ఈ శిక్షణకు వచ్చిన 12 ఏళ్ళ అనతోలీ కార్పోవ్‌కు చదరంగం అర్థం కాలేదని, ఈ రంగంలో అతనికి భవిష్యత్తు లేదని బోత్విన్నిక్ భావించాడు. ఆ అంచనా తప్పింది. గురువు ఇచ్చిన ఇంటిపనిని శ్రద్ధగా చేసి ఎదిగిన ఆ బాలుడు 1975లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. గురువు అంచనాకంటె ఆయన పద్ధతే బలమైనదని దీనివలన తెలుస్తుంది.

గారీ కాస్పరోవ్ 1973లో పదేళ్ళ వయసులో చేరాడు. 1985లో కార్పోవ్‌ను ఓడించి చాంపియన్ అయిన అతడు, తరువాత గురువుతో కలిసి బోధనలో పాలుపంచుకున్నాడు. అప్పటి విద్యార్థి వ్లాదిమిర్ క్రామ్నిక్ 2000లో కాస్పరోవ్‌నే ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

చివరి దశ

క్రీడాకారుని ఆలోచనా విధానాన్ని కంప్యూటరుకు నేర్పవలెనని "పయనీర్" అనే ప్రోగ్రాముపై అనేక సంవత్సరాలు కృషి చేసాడు. అది పూర్తి ఆట ఆడగల స్థాయికి చేరలేదు. 1995లో మాస్కోలో క్యాన్సర్ వ్యాధితో మరణించాడు. యంత్రానికి నేర్పలేకపోయిన ఆ ఆలోచనా విధానం ఆయన శిష్యుల ఆటలో నిలిచింది.