అద్దకపువాని పట్టుదారం

మల్లాపూర్ బడిపిల్లలు చలికాలంలో దువ్వెనను పొడిజుట్టుకు రుద్ది కాగితపు ముక్కలను ఆకర్షింపజేస్తారు. రాపిడివల్ల పుట్టే ఈ విద్యుత్తు ఒకచోటినుండి మరొకచోటికి ప్రవహించగలదని లోకానికి చాటినవాడు స్టీఫెన్ గ్రే.

ఆయన 1666లో ఇంగ్లండులోని కాంటర్‌బరీలో అద్దకపువారి ఇంట జన్మించి, తండ్రి వృత్తినే చేపట్టాడు. ముదిమిలో లండనులోని చార్టర్‌హౌస్ ధర్మశాల ఆయనకు ఆశ్రయమైంది. 1729లో గాజుగొట్టాన్ని రుద్దగా, దాని బిరడా సైతం ఈకను ఆకర్షించింది. ఆ శక్తిని జనపదారం వెంట దూరానికి పంపదలచి, మిత్రుడు గ్రాన్‌విల్ వీలర్ ఇంట దానిని పట్టుదారాలపై వ్రేలాడదీశాడు. ప్రయోగం ఫలించింది. పట్టు సన్నగా ఉన్నందువల్లనే విద్యుత్తు జారిపోలేదని మిత్రులు తలచారు. బరువుకు పట్టు తెగిపోగా, దాని స్థానంలో లోహపుతీగ కట్టారు. విద్యుత్తు అవతలికొనకు చేరనేలేదు! సన్నదనంతో నిమిత్తం లేదనీ, ఆధారమైన పదార్థపు గుణమే ప్రధానమనీ ఆ వైఫల్యం తెలిపింది. వాహక, బంధక భేదం అలా వెల్లడైంది.

రాయల్ సొసైటీ తన తొలి కోప్లీ పతకాన్ని 1731లో ఆయనకే ప్రదానం చేసి, 1732లో మరల గౌరవించింది. 1736లో ఆ పేద శాస్త్రజ్ఞుడు కన్నుమూశాడు.

నేడు సిరిసిల్ల మరమగ్గాలకు విద్యుత్తును తెచ్చే తీగలకూ స్తంభాలకూ నడుమ నిలిచిన పింగాణీ దిమ్మెలు, ఆనాటి పట్టుదారం చేసిన పనినే చేస్తున్నాయి.